అపురూప గ్రంథ సేకరణ: విలువ ఎక్కడ ఉన్నది?

పుస్తకం హస్తభూషణమని పెద్దల మాట. చేత పట్టుకున్నంత మాత్రాన అది భూషణం కాదు. అందలి విద్య మన సొత్తయినపుడే అవుతుంది. ఇది అందరూ ఎరిగినదే. అయితే కొన్ని పుస్తకాల సంగతి వేరు. అందలి విషయం మరొక ప్రతిలో సులభంగా దొరికినా, ఆ ఒక్క ప్రతి కోసమే మనుషులు దేశాలు తిరుగుతారు, ఆస్తులు కరగబెడతారు. ఇది కేవలం ధనవంతుల వ్యసనమా, లేక విద్యార్థులమైన మనం నేర్వదగినది ఇందులో ఏమైనా ఉన్నదా? ఈ వ్యాసంలో ఆ విషయాన్నే విచారింపదలచినాము.

అరుదు అనగానేమి?

పాతదైన ప్రతి పుస్తకమూ అరుదైనది కాదు. నూరేళ్ళనాటి పాఠ్యపుస్తకం వేల ప్రతులుగా మిగిలి ఉండవచ్చును. నలభై ఏళ్ళ క్రిందట ఒక చిన్న పట్టణంలో అచ్చయిన కవితా సంపుటి ఒక్కటే మిగిలి ఉండవచ్చును. ఎన్ని ప్రతులు నిలిచినవి, వాటిని కోరేవారెందరు అనే రెండు విషయాలను బట్టి అరుదుతనం ఏర్పడుతుంది.

నన్నెచోడుని కుమారసంభవం సంగతి చూడండి. లోకం మరచిన ఆ కావ్యాన్ని మానవల్లి రామకృష్ణకవి తంజావూరు గ్రంథాలయంలోని తాళపత్రాల నుండి వెలికితీసి 1909లో ప్రకటించారు. ఆ ప్రతిని చెదలు తిని ఉంటే ఆ కవి మనకు దక్కేవాడు కాదు. అంతకు ముందే సి.పి. బ్రౌన్ కడపలో పండితులకు తన సొంత సొమ్ముతో జీతాలిచ్చి, తాళపత్ర ప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి శుద్ధప్రతులు వ్రాయించారు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించారు.

ఉర్దూ వాఙ్మయానికి ఇట్టి సేవ చేసినవారు డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్. 1931లో హైదరాబాదులో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ స్థాపించి, ఆ సంస్థకు అసంఖ్యాకంగా వ్రాతప్రతులు సమకూర్చారు. 1580 నుండి 1612 వరకు గోల్కొండ నేలిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా కవితా సర్వస్వాన్ని 1940లో పరిష్కరించి ప్రకటించారు. వీరు దాచుకొనుటకై సేకరించినవారు కారు, పదిమందికి పంచుటకై సేకరించినవారు.

చేవ్రాలు గల ప్రతులు

సంతకం ఉన్న పుస్తకాలు మూడు విధాలు. గ్రంథకర్త తన పేరు మాత్రమే వ్రాసి ఇచ్చినది మొదటిది. ఫలానావారికి ఫలానా సందర్భంలో అని వ్రాసి బహూకరించినది రెండవది. గ్రంథకర్తది కాకపోయినను, ప్రసిద్ధులైనవారు తమదిగా ఉంచుకొని గుర్తు వేసినది మూడవది. మొదటిది కేవలం గుర్తు. తక్కిన రెండింటిలో చరిత్ర ఉన్నది.

రెండవ రకానికి మన నగరమే గొప్ప ఉదాహరణ నిచ్చినది. హైదరాబాదు కవయిత్రి మహలఖా బాయి చందా 1799 అక్టోబరు 18న మీర్ ఆలం గృహంలో నృత్యం చేస్తూ, ఆ సభ మధ్యలోనే తన దీవాన్ వ్రాతప్రతిని కెప్టెన్ జాన్ మాల్కంకు నజరుగా సమర్పించినది. ఆ సంగతి ఆ ప్రతి మీదనే వ్రాసి ఉన్నది. నేడది లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. ఆ రెండు మూడు పంక్తులే లేకపోతే అది ఒక దీవాన్ మాత్రమే. ఆ పంక్తులవల్ల ఒక సాయంకాలం, ఒక సభ, ఒక స్త్రీ ఆత్మగౌరవం మన కన్నుల యెదుట నిలుస్తున్నవి.

మూడవ రకాన్ని చూడదలచినవారు సాలార్‌జంగ్ మ్యూజియం గురించి తెలుసుకొనవలెను. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) సేకరించిన గ్రంథాలలో యాకూత్ అల్ ముస్తాసిమీ వ్రాసిన పవిత్ర ఖురాన్ ప్రతి ఒకటి ఉన్నది. యాకూత్ బాగ్దాదు నగరపు లేఖకుడు, 1298లో గతించినాడు. ఆ ప్రతిపై జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల చేవ్రాళ్ళున్నవి. తాత, తండ్రి, కుమారుడు ఒకే గ్రంథాన్ని చేతబట్టినారని ఆ పుట సాక్ష్యమిస్తున్నది.

చిట్టి గ్రంథాలు

ఎత్తు మూడు అంగుళాలకు, అనగా సుమారు 76 మిల్లీమీటర్లకు, మించని పుస్తకాన్ని సూక్ష్మ గ్రంథమని సేకర్తలు సాధారణంగా వ్యవహరిస్తారు. ఇది నేటి విచిత్రం కాదు. అరబ్బీ లిపిలో ‘గుబార్’ అనే వ్రాత ఉన్నది. గుబార్ అనగా ధూళి. పావురాల ద్వారా పంపే లేఖల కోసం పుట్టిన ఆ సన్నని వ్రాతలో తరువాతి లేఖకులు చిన్న ఖురాన్ ప్రతులను వ్రాసినారు. సైనికులు వాటిని పతాకాలకు కట్టి యుద్ధానికి తీసుకుపోయేవారు.

అచ్చుయంత్రం వచ్చిన పిమ్మట ఈ విద్య కొత్త దారి పట్టినది. సుమారు 1900 ప్రాంతంలో గ్లాస్గో నగరపు డేవిడ్ బ్రైస్ పెద్ద ప్రతిని ఛాయాచిత్రం ద్వారా కుదించి, అంగుళం ఎత్తున ఖురాన్ అచ్చువేసినాడు. దానిని భూతద్దం బిగించిన చిన్న లోహపు పెట్టెలో ఉంచి అమ్మినాడు. మొదటి ప్రపంచయుద్ధంలో అనేకమంది ముస్లిం సైనికులు దీనిని ధరించినారు.

ఈ చిట్టి గ్రంథం గురించి టి.ఇ. లారెన్స్ తన యుద్ధ స్మృతులలో ఒక ముచ్చట చెప్పినాడు. అరబ్బు వీరుడు ఆవుదా అబూ తాయీ దానిని 120 పౌన్లకు కొన్నాడట. నాటి నుండి తనకు గాయం తగలలేదని నమ్మినాడట. లోపల చూస్తే అది గ్లాస్గో ప్రతి. వెల పద్దెనిమిది పెన్నీలు! మోసం చేసినవాని ధర వేరు, నమ్మినవాని విలువ వేరు. అచ్చయిన వెలకు, మనిషి ఇచ్చిన విలువకు మధ్య ఉన్న ఈ దూరమే గ్రంథసేకరణ శాస్త్రంలోని మొదటి పాఠం.

మేము చేసిన పొరపాటు

రెండవ పాఠాన్ని మేము నష్టపోయి నేర్చుకున్నాము. ఒక ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద రాతి అచ్చులో ముద్రితమైన ఒక పాత ఉర్దూ పుస్తకం కొన్నాము. రాతి అచ్చులో కాతిబు చేతివ్రాతే అచ్చవుతుంది గనుక ప్రతి పుటలోను ఒక మనిషి హస్తం కనిపిస్తుంది. మొదటి ఖాళీ పుట మీద ఒక తండ్రి తన కుమార్తెకు నాలుగు పంక్తులు వ్రాసి, తేదీ వేసి ఇచ్చినాడు. ఆ పక్కనే మరొకరు తెలుగులో అర్థాలు వ్రాసుకున్నారు. పుస్తకం శిథిలమైనదని జిల్దు కట్టేవానికి ఇచ్చినాము. వారం తరువాత అది నిగనిగలాడుతూ తిరిగి వచ్చినది. మొదటి పుట లేదు. అంచులు కత్తిరించినందున తెలుగు అర్థాలు సగం పోయినవి. అతడు తన పని శ్రద్ధగానే చేసినాడు. ఏమి ఉంచవలెనో చెప్పని తప్పు మాది. ఆ కుమార్తె ఎవరో, ఆమె ఇంటిలో తెలుగు చదివినదెవరో ఇక తెలియదు.

మన కర్తవ్యం

కనుక విద్యార్థినీ విద్యార్థులు ఈ నియమాలను పాటింపవలెనని మనవి. పాత పుస్తకంలోని పేరును, తేదీని, ముద్రను చెరపరాదు. మనం వ్రాయవలసి వస్తే పెన్సిలుతోనే వ్రాయవలెను. చిరిగినచోట జిగురుటేపు అంటింపరాదు. అది కొన్నేళ్ళకు పసుపుబారి కాగితాన్నే తినివేస్తుంది. నేలకు ఆనించి, ఎండకు ఎదురుగా ఉంచరాదు. నీరు ఎంత శత్రువో హైదరాబాదుకు తెలుసు. అబ్దుస్ సమద్ ఖాన్ దశాబ్దాలు శ్రమించి కూర్చిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరినవి. 2000 ఆగస్టులో వచ్చిన వరద ఆ భాండారాన్ని ముంచినది. సామాన్యుడొకడు ఎంతటి భాండారం కూర్చగలడో, అది ఒక్క రాత్రిలో ఎట్లు అపాయంలో పడగలదో ఈ ఒక్క ఉదంతమే చెబుతున్నది.

ఈ సెలవులలో ప్రతి విద్యార్థి తన ఇంటి పెట్టె తెరచి చూడవలెను. తాతగారి బయాజ్, నానమ్మ చదివిన శతకం, పెండ్లికి బహూకరించిన పుస్తకం, ఏదైనా సరే తూకానికి పోకముందే పేరు, ఏడు, ముద్రణాలయం, ఎవరిచ్చినది, ఎవరికిచ్చినది అనే ఐదు సంగతులు ఒక కాగితం మీద వ్రాయవలెను. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం కూడా చిన్నదే. గ్రంథాలయంలో ఒక తాళం వేసిన బీరువాను, ఉర్దూ తెలుగు పుస్తకాలను కలిపి నమోదు చేసే ఒక రిజిస్టరును ఏర్పాటు చేయవలెను. దీనికి పెద్ద సొమ్ము అక్కరలేదు. మా చేతిలో పోయిన ఆ మొదటి పుట వంటిది మరొకటి పోకుండా ఆపగలిగితే అదే ఈ వ్యాసానికి ఫలం.