తాడు బలం ఎంత? పోగులు చెప్పే లెక్క

పిల్లలూ! ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్ళేవారు పాల్వంచ దాటి, అడవి దారిన సాగి, చివరకు గోదావరి వంతెన ఎక్కుతారు. 1965లో ప్రారంభమైన వంతెన అది. 1986 ఆగస్టు వరదలో అక్కడ నీటిమట్టం 75.6 అడుగులకు లేచింది. 2022 జూలై వరదలో 71.3 అడుగులకు చేరింది. ఆ రోజుల్లో వంతెనపై రాకపోకలు ఆపివేశారు. ఇటువంటి కట్టడం ఎంత బరువుకు ఆగుతుందో తెలియాలంటే, భాగాల బలాలన్నీ కూడితే చాలదా? చాలదు. ఎందుకో ఒక నార తాడుతో చూద్దాం.

ఆ తాడులో 10 పోగులున్నాయనుకోండి. మొదటిది 1 కిలో, రెండోది 2 కిలోలు, అలా పదోది 10 కిలోల వరకు ఆగుతుంది. బలాల మొత్తం 55. మరి 31 కిలోలు వేలాడదీస్తే?

ఒక్కొక్క పోగుపై 3.1 కిలోలు పడుతుంది. మొదటి మూడూ తెగుతాయి. మిగిలిన ఏడింటిపై దాదాపు 4.4 చొప్పున పడి నాలుగోది తెగుతుంది. ఆరింటిపై 5.2 పడి అయిదోది పోతుంది. ఇలా తెగిన పోగు బరువు మిగతావాటిపై పడుతూ, క్షణంలో తాడంతా తెగిపోతుంది. అదే 30 కిలోలైతే ఆరు పోగులపై సరిగ్గా అయిదేసి పడి, తాడు నిలుస్తుంది! ఒక్క కిలోకే ఎంత తేడా!

ఇప్పుడు బరువు కట్టకుండా, మరతిప్పి తాడును నెమ్మదిగా సాగదీద్దాం. ఒక మిల్లీమీటరు సాగితే ప్రతి పోగూ ఒక కిలో లాగుతుందనుకోండి. ‘స’ మిల్లీమీటర్లు సాగేసరికి మిగిలేవి (11 − స) పోగులు. కాబట్టి, తాడు లాగే బరువు = స × (11 − స). స = 1, 2, 3... అనుకుంటూ పోతే 10, 18, 24, 28, 30, 30, 28, 24, 18, 10 వస్తాయి. శిఖరం దాటాక సాగినకొద్దీ బలం తగ్గుతోంది, చూశారా? దీనినే పదార్థం బలహీనపడే దశ అంటారు.

బరువు 24 అయితే వర్గ సమీకరణానికి రెండు మూలాలు: 3, 8. బరువు 31 అయితే విచక్షణి 121 − 124 = −3. వాస్తవ మూలమే లేదు! అంటే ఆ బరువు వద్ద తాడు నిలిచే స్థితే లేదన్నమాట.

కాంక్రీటూ ఇంతే. పగులు మొదలవగానే దాని లాగుడు బలం సున్నా కాదు; పగులు వెడల్పయ్యేకొద్దీ క్రమంగా తగ్గుతుంది. స్వీడన్‌కు చెందిన హిల్లర్‌బోర్గ్, ఆయన సహచరులు 1976లో దీనిని లెక్కలోకి తెచ్చారు. బరువును మాత్రమే పెంచుకుంటూ పోయే లెక్క శిఖరం దగ్గర ఆగిపోతుంది. అందుకే 1979లో రిక్స్ వివరించిన పద్ధతిలో బరువు, సాగుదల రెండింటినీ తెలియనివిగా తీసుకుని, గ్రాఫు గీత వెంట చిన్న చిన్న అడుగులు వేస్తారు. శిఖరం దాటి అవతలి వాలు దిగేదాకా లెక్క సాగుతుంది. కట్టడం హెచ్చరిస్తూ కుంగుతుందా, హఠాత్తుగా కూలుతుందా అన్నది ఆ వాలే చెబుతుంది.

ఇక మీ వంతు. ఇలాగే 12 పోగులుంటే బలాల మొత్తం 78. ఆ తాడు 42 కిలోలు మోస్తుందా? 43 మోస్తుందా? విచక్షణి కట్టి చూడండి.