కోటాలు నిండాక మిగిలే పని

హైదరాబాద్

చి. స్వాతికి,
లండన్‌లో, సామాన్య పౌరులు కూర్చుని చర్చించే సిటిజన్స్ అసెంబ్లీలకు సభ్యులను ఎంపిక చేసే పనిలో చేరావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమమ్మా. కోటాలకు సరిపడే జాబితాలు వెతికే ప్రోగ్రాం, అదే సాల్వర్, నడపడం నీకు ఒకరు నేర్పక్కర్లేదు కాబట్టి వేరే సంగతి రాస్తున్నాను.

2020లో మీ దగ్గర జరిగిన వాతావరణ అసెంబ్లీనే తీసుకో. ముప్పై వేల ఇళ్లకు ఉత్తరాలు పంపి, వస్తామన్నవాళ్లలోంచి 110 మందిని ఎంచారు. వయసు, చదువు, ప్రాంతం, చివరికి వాతావరణ మార్పు గురించి ఎంత బెంగ ఉందో కూడా దేశంలో ఉన్న పాళ్లలోనే కుదరాలి. ఇలాంటివాటికి బాగా చదువుకున్నవాళ్లే ఎక్కువగా ముందుకొస్తారు. కాబట్టి కోటాలు తప్పవు.

అలాగని కోటాలన్నీ నిండిన జాబితా ఒకటి దొరకగానే ఆగిపోకు. అలాంటివి లెక్కలేనన్ని ఉంటాయి. పాత పద్ధతిలో ఏ వర్గానికి మనుషులు బాగా కొరతో చూసి, అందులోంచి ఒకరిని చీటీ తీసినట్టు తీసి, మళ్లీ లెక్క వేసేవారు. కోటాలు కుదిరేవి గానీ, కొందరికి అవకాశం దాదాపు సున్నాకు పడిపోయేది. నేను వస్తానని ముందుకొచ్చిన మనిషికి అది పచ్చి అన్యాయం. 2021లో పరిశోధకులు ఫ్లానిగన్, ప్రొకాచియాల బృందం నేచర్ పత్రికలో వివరించిన లెక్సిమిన్ పద్ధతి అందరికన్నా తక్కువ అవకాశం ఉన్నవారిని వీలైనంత పైకి తెస్తుంది, ఆ తర్వాత వారి పైవారిని.

వంద మంది వచ్చారనుకో. డిగ్రీ ఉన్నవాళ్లు 80, లేనివాళ్లు 20. ఇరవై సీట్లు చెరిసగం అంటే లేనివాళ్లకు రెండింట ఒక వంతు, ఉన్నవాళ్లకు ఎనిమిదింట ఒక వంతు అవకాశం. ఈ తేడా కోటా వల్ల వచ్చింది, దాన్ని ఎవరూ తీసేయలేరు. ఆ ఎనభైలో ఒకరికి మాత్రం వందింట ఒక వంతే వస్తే, అది నువ్వు వాడిన పద్ధతి తప్పు.

కోటాలు బిగుసుకుపోయి సాల్వర్ కుదరదంటే, నీ అంతట నువ్వు సడలించకు. ఏది వదలాలో నిర్వాహకులనే తేల్చమను, కాగితం మీద రాయించుకో.

ఆఖరి ఎంపికను నీ కంప్యూటర్‌లోనే ముగించొద్దు. ఆ పద్ధతితో తయారైన వెయ్యి జాబితాలకు 000 నుంచి 999 దాకా నంబర్లు వేసి, అందరి ముందూ బంతులు తీయించు. అప్పుడు ప్రతివారూ తమకు కేటాయించిన నంబరు ఎన్ని జాబితాల్లో ఉందో లెక్కపెట్టుకుంటారు. 125 కనిపిస్తే ఎనిమిదింట ఒక వంతని వాళ్లకే తెలుస్తుంది.

ప్రేమతో,
మీ అత్త