సోర్స్ కదిలితే కబురూ కదలాలి
అమెరికాలో రేడియోధార్మిక పరికరాలతో పనిచేసేవారు చేయవలసినవి, చేయకూడనివి

1984 జనవరి 16న అమెరికాలోని న్యూ మెక్సికోలో ఇనుప కడ్డీల లారీ ఒకటి దారి తప్పి లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాల వైపు వచ్చింది. అక్కడి రేడియేషన్ అలారం మోగింది. ఆరా తీస్తే కడ్డీల్లో రేడియోధార్మిక కోబాల్ట్-60 ఉందని తేలింది. సరిహద్దుకు అవతల మెక్సికోలోని హువారెజ్ నగరంలో, ఒక ఆస్పత్రి అమెరికా నుంచి కొన్న పాత క్యాన్సర్ చికిత్స యంత్రం ఏళ్ల తరబడి గోదాములో మూలన పడి ఉంది. అది దేశంలోకి వచ్చిన సంగతి అక్కడి అధికారులకు ఎవరూ తెలియజేయలేదు. 1983 డిసెంబరులో దాన్ని పాత ఇనుము కింద అమ్మేశారు. లోపలి గొట్టానికి చిల్లుపడి, దాదాపు 6,000 కోబాల్ట్ గుళికలు తుక్కులో కలిశాయి. ఆ తుక్కు కొలిమికెక్కి కడ్డీలుగా, బల్లల కాళ్లుగా మారి అమెరికా రాష్ట్రాల్లో అమ్ముడైంది. ఆ లారీ దారి తప్పకపోతే ఈ సంగతి ఇంకెన్నాళ్లకు బయటపడేదో!

యంత్రం ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లింది, దానితో వెళ్లాల్సిన కబురు మాత్రం వెళ్లలేదు. ఆ తరువాతి అనర్థమంతా అక్కడే మొదలైంది.

ఇది మనవాళ్లకూ దగ్గరి విషయమే. సివిల్ ఇంజినీరింగ్ చదివి అమెరికాలో రోడ్ల పనుల్లో, మట్టి పరీక్షల్లో చేరేవారి చేతికి తొలిరోజుల్లోనే ఒక పసుపు పెట్టె రావచ్చు. అది మట్టి గట్టిదనాన్ని, తేమను కొలిచే న్యూక్లియర్ గేజ్. అందులో సాధారణంగా 8 మిల్లీక్యూరీల సీజియం-137, 40 మిల్లీక్యూరీల అమెరీషియం-బెరీలియం ఉంటాయి. పద్ధతిగా వాడితే దానికి భయపడనక్కర్లేదు. అయితే అది ఎక్కడుందో తెలియాల్సిన వాళ్లందరికీ ఎప్పుడూ తెలిసి ఉండాలి.

ఎవరి అజమాయిషీ?

అమెరికా అణుశక్తి చట్టానికి 1959లో 274వ సెక్షన్ చేర్చారు. దాని కింద రాష్ట్ర గవర్నరు ఫెడరల్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంటే, తమ రాష్ట్రంలోని చాలా రకాల రేడియోధార్మిక పదార్థాలకు లైసెన్సులు, తనిఖీలు రాష్ట్రమే చూసుకుంటుంది. 1962లో కెంటకీ మొదటి ఒప్పంద రాష్ట్రమైంది. ఇప్పుడు అలాంటివి 35కు పైగా ఉన్నాయి. మిగతా చోట్ల ఆ పని అణు నియంత్రణ కమిషన్‌ది, అంటే ఎన్‌ఆర్‌సీది. అణు విద్యుత్ కేంద్రాలు మాత్రం ఎక్కడున్నా ఎన్‌ఆర్‌సీ కిందే ఉంటాయి.

ఒక రాష్ట్రంలో సోర్స్, అంటే పరికరంలోని రేడియోధార్మిక పదార్థం పోయినా, పరికరం విరిగినా ఆ వివరం ఎన్‌ఆర్‌సీకి చేరి, దేశమంతటి సంఘటనల జాబితాకెక్కుతుంది. పెద్ద సోర్స్‌లకు 2009 నుంచి జాతీయ ట్రాకింగ్ వ్యవస్థ ఉంది. అలాంటి సోర్స్ చేతులు మారితే మరుసటి పనిదినం ముగిసేలోగా నమోదు చేయాలి. మీ చేతిలోని చిన్న గేజ్ ఆ వ్యవస్థలోకి రాదు. దాని జాడ మీ కంపెనీ రిజిస్టర్లోనే ఉంటుంది, అందులో రాసేది మీరు. అందుకే ఈ జాగ్రత్తలు.

చేయవలసినవి

• మీ లైసెన్సు ఇచ్చింది రాష్ట్రమా, ఎన్‌ఆర్‌సీయా అన్నది మొదటిరోజే తెలుసుకోండి. పనిచోట గోడకు అంటించిన ఉద్యోగుల నోటీసు చదవండి. మీ హక్కులు, ఫిర్యాదు చేయాల్సిన చోటు అందులోనే ఉంటాయి.

• రాష్ట్రం దాటే ముందు అనుమతి సంగతి తేల్చుకోండి. ఒహాయో ఒప్పంద రాష్ట్రం, పక్కనున్న మిషిగన్ కాదు. ఒహాయో లైసెన్సుతో మిషిగన్‌లో పని చేయాలంటే కనీసం 3 రోజుల ముందు ఎన్‌ఆర్‌సీకి 241వ ఫారం పంపాలి. మిషిగన్ నుంచి ఒహాయో వెళ్తే ఒహాయో కార్యాలయం నిబంధనలు పాటించాలి.

• సైనిక స్థావరంలో పనైతే ప్రత్యేకంగా అడగండి. ఒప్పంద రాష్ట్రంలోనే ఉన్నా, కొన్ని ఫెడరల్ భూములు ఎన్‌ఆర్‌సీ పరిధిలోకి వస్తాయి.

• గేజ్ బయటికి తీసిన ప్రతిసారీ తేదీ, వేళ, పనిచోటు, మీ పేరు రాయండి. తిరిగి పెట్టాక మళ్లీ రాయండి. నిల్వ లెక్క, లీక్ పరీక్ష గడువు దాటనివ్వకండి.

• పక్కన మీరు లేనప్పుడు గేజ్‌కు విడివిడిగా కనీసం రెండు అడ్డంకులు ఉండాలి. ఉదాహరణకు పెట్టెను రెండు వేర్వేరు గొలుసులతో వాహనానికి బిగించి, ఒక్కో గొలుసుకు ఒక్కో తాళం. ఒక తాళం విరగ్గొట్టినా దొంగ చేతికి అది చిక్కకూడదు.

• ఒంటికి తగిలే రేడియేషన్‌ను నమోదు చేసే డోసు బ్యాడ్జి పెట్టుకోండి. కొలత జరుగుతున్నంతసేపూ దూరంగా నిలబడండి. దూరం రెట్టింపైతే మీకు తగిలే రేడియేషన్ దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది.

• గేజ్ కనిపించకపోతే వెంటనే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి. ఇలాంటి గేజ్ పోతే నియంత్రణ కార్యాలయానికి తక్షణం ఫోన్‌లో చెప్పడం, 30 రోజుల్లో రాతపూర్వక నివేదిక ఇవ్వడం తప్పనిసరి.

చేయకూడనివి

• "రెండు నిమిషాల్లో వస్తా" అని గేజ్‌ను నేలమీద వదిలి వెళ్లకండి. రోలర్లు, డోజర్ల కింద పడి నలిగిపోయిన గేజ్‌లు ఎన్నో అలా ఒంటరిగా వదిలేసినవే.

• నలిగిన గేజ్‌ను చేత్తో ఎత్తకండి, ముక్కలు ఏరకండి. దాన్ని తొక్కిన బండిని అక్కడి నుంచి కదలనివ్వకండి. చుట్టూ కనీసం 15 అడుగుల మేర ఎవరూ రాకుండా చూసి, ఆఫీసర్ వచ్చేదాకా అక్కడే కనిపెట్టుకుని ఉండండి.

• పోయిన పరికరాన్ని గుట్టుగా వెతుకుతూ రోజులు గడపకండి. మాట పడాల్సి వస్తుందనో, ఉద్యోగం పోతుందనో భయం ఉండొచ్చు. కానీ ముందుగా చెబితే అధికారులు పోలీసులను, చుట్టుపక్కల తుక్కు దుకాణాలను అప్రమత్తం చేయగలరు. కొలిమిలో పడ్డాక చెబితే చేయగలిగింది చాలా తక్కువ.

• రేడియేషన్‌ను సూచించే మూడు రెక్కల గుర్తున్న లేబుల్‌ను చింపకండి, రంగు పూయకండి. పరికరం తెలియని చేతుల్లో పడితే హెచ్చరించేది అదొక్కటే.

• పని పూర్తయిన ప్రాజెక్టులో పరికరాన్ని వదిలేయకండి. రేడియోధార్మిక ట్రిటియంతో, కరెంటు లేకుండా వెలిగే ఎగ్జిట్ బోర్డులను కూడా చెత్తలో వేయకండి. లైసెన్సున్న సంస్థకే అప్పగించి, ఆ కాగితాలు దాచుకోండి.

• తుక్కు యార్డు గేటు దగ్గర అలారం మోగిన లారీని చడీచప్పుడు లేకుండా వెనక్కి పంపేయకండి. దాన్ని రోడ్డెక్కించాలంటే రాష్ట్ర రేడియేషన్ కార్యాలయం అనుమతి కావాలి.

• లోపం చూపించిన తోటి ఉద్యోగిని వేధించకండి, ఎవరైనా వేధిస్తే ఊరుకోకండి. భద్రత గురించి మాట్లాడినవారిపై కక్షసాధింపును అక్కడి చట్టం నిషేధించింది. వీసా మీద పనిచేస్తున్నవారికీ ఈ రక్షణ వర్తిస్తుంది.

ఇంటి దగ్గర ఉన్నవారికి

మన దేశంలో రేడియోధార్మిక సోర్స్‌ల లైసెన్సు 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఇస్తుంది. ఇక్కడా హువారెజ్ కథ పునరావృతమైంది. 2010లో ఢిల్లీలోని ఒక విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత కోబాల్ట్ యంత్రం మాయాపురి తుక్కు బజారుకు చేరింది. దాన్ని కోసినవారు జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. తాము కోస్తున్నదేమిటో వారికి చెప్పినవారు లేరు. పాత ఇనుము కొనేవారు మీ ఊళ్లో ఉంటే మూడు రెక్కల గుర్తును చూపించండి. అంత చిన్న వస్తువు అంత బరువెందుకుందన్న అనుమానం వస్తే కోయొద్దని, దూరం జరిగి పోలీసులకు చెప్పమని చెప్పండి.

రేపు పనికి బయల్దేరే ముందు మీ ఫోన్లో మూడు నంబర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. మీ సేఫ్టీ ఆఫీసర్‌ది, మీరున్న రాష్ట్ర రేడియేషన్ కార్యాలయానిది, ఎన్‌ఆర్‌సీలో రాత్రింబవళ్లు పనిచేసే కేంద్రానిది. హువారెజ్ గోదాములో ఆ యంత్రం ఏళ్లు పడి ఉన్నా దాని గురించి ఎవరూ ఫోన్ చేయలేదు. మీరు చేయండి.