శక్తి ట్రాన్సిస్టరుల దోషపరీక్ష

ధ్వనివర్ధక యంత్రము మూగవోయినప్పుడు "ట్రాన్సిస్టరు పోయినది" అని చెప్పుట సులభము. అది నిజముగా పోయినదో లేదో నిర్ణయించుట వేరు పని. ఈ నిర్ణయమునందు మేమొకమారు పొరబడితిమి. విద్యార్థులు మావలె పొరబడకుండుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ట్రాన్సిస్టరు 1947 సం. డిసెంబరులో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో కనుగొనబడెను. దానికై బార్డీన్, బ్రాటెయిన్, షాక్లీ అను మువ్వురకు 1956లో నోబెల్ బహుమానము లభించెను. మన హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను 1967లో వెలసినది. దానికి మూలపురుషుడు తెలుగువాడగు అయ్యగారి సాంబశివరావుగారు.

శక్తి ట్రాన్సిస్టరు అధిక విద్యుత్తును వహించునది, కావున వేడెక్కును. ప్రసిద్ధమైన 2ఎన్3055ను చూడుడు. దానికి బేసు, ఎమిటరు అను రెండు కాళ్లు కలవు. లోహపు డిప్పయే కలెక్టరు. డిప్ప 25 డిగ్రీల వేడిమియందున్నప్పుడు అది 115 వాట్లు భరించును. 100 డిగ్రీలకు చేరినచో సుమారు 66 వాట్లు మాత్రమే. ఆసిఫాబాదు వేసవి నెరిగినవారికి, దానిని వేడి చల్లార్చు అల్యూమినియము పలకపై బిగించుట యెందులకో వేరుగా చెప్ప నక్కరలేదు.

ఇక పరీక్షాక్రమము. మొదట యంత్రమును విద్యుత్తునుండి విడదీసి, పెద్ద కెపాసిటరులలో నిలిచియున్న విద్యుత్తును ఉపాధ్యాయుని సమక్షమున నిరోధకము ద్వారా పోగొట్టవలెను. పిదప ట్రాన్సిస్టరును ఊడదీయవలెను. మల్టీమీటరును డయోడు గుర్తుపై నుంచి, ఎర్రతీగెను బేసునకు, నల్లతీగెను ఎమిటరునకు, తరువాత కలెక్టరునకు తాకింపుడు. సిలికాను ఎన్.పి.ఎన్. ట్రాన్సిస్టరు మంచిదైనచో రెండు తావులను సుమారు 0.4 మొదలు 0.7 వోల్టు వరకు కనబడును. తీగెలు తారుమారు చేసినచో ఏమియు కనబడరాదు. కలెక్టరు, ఎమిటరుల నడుమ ఎటు తాకించినను ఏమియు కనబడరాదు. అచ్చట సున్న కనబడినచో లోపల కలిసిపోయినదని యర్థము. శక్తి ట్రాన్సిస్టరులు తరచు ఇట్లే చెడును. బేసునుండి ఎటు చూచినను ఏమియు రానిచో లోపలి బంధము తెగినదని తెలియవలెను. పి.ఎన్.పి. జాతికి తీగెల వరుస తిరుగబడును.

మూడు జాగ్రత్తలు. ముల్లుగల పాత మీటరులలో నిరోధము కొలుచునప్పుడు సాధారణముగా నల్లతీగెయే ధనధ్రువము. టి.ఐ.పి.122 వంటి జంట ట్రాన్సిస్టరుల లోపల నిరోధకములును ఒక డయోడును ఉండుటచే అంకెలు వేరుగా వచ్చును. క్రొత్తదానితో పోల్చి చూడవలెను. మరియు మీటరు పంపు విద్యుత్తు స్వల్పము. కావున అధిక వోల్టేజివద్దను, వేడియందును మాత్రమే బయటపడు దోషమును అది చూపజాలదు.

మా పొరపాటు వినుడు. వార్షికోత్సవ సాయంకాలమున మా యంత్రము ఆగిపోయెను. ధ్వని హెచ్చించినందుననే చెడినదని అచ్చట నున్న బాలుని గద్దించితిమి. ట్రాన్సిస్టరులను ఊడదీయకయే పరీక్షించితిమి. రెండిటను సున్న కనబడెను. రెండును పోయినవని క్రొత్తవి వేసితిమి. అవియు నిమిషములలో మాడిపోయెను.

మరునాడు ఆ బాలుడే పాతవాటిని విడిగా పరీక్షించి, ఒకటి మంచిదేయని చూపెను. ఆ యంత్రమున రెండు కలెక్టరులును ట్రాన్సుఫార్మరు చుట్టచేతను, రెండు ఎమిటరులును స్వల్ప నిరోధకములచేతను కలిసియుండును. కావున ఒకటి చెడగా రెండును చెడినట్లు తోచినది. అసలు కారణము వెదకగా, స్పీకరు తీగె తలుపుక్రింద నలిగి, లోపలి రెండు పోగులు ఒకదానికొకటి తగులుచుండెను. ఆ తీగెను అచ్చట పరచినది మేమే.

ఆ బాలుని తరగతియెదుట పిలిచి మా తప్పు ఒప్పుకొంటిమి. నాటినుండి మా ప్రయోగశాలలో రెండు నియమములు నడుచుచున్నవి: విడదీయక తీర్పు చెప్పరాదు, కారణము తెలియక క్రొత్తది వేయరాదు. మరమ్మతు ముగిసినపిదప మొదటిసారి విద్యుత్తు నిచ్చునప్పుడు తంతువు గల బల్బు నొకదానిని వరుసలో కలిపి ఉపాధ్యాయుడే ఇచ్చును. బల్బు ప్రకాశముగా వెలుగుచు నిలిచినచో దోషమింకను ఉన్నదని గ్రహించి, వెంటనే ఆపి, మరల మొదటినుండి వెదకుదుము.