ఓట్సు - ఎండుద్రాక్ష బిస్కెట్లు: ఎవరికి పథ్యం? ఎవరికి అపథ్యం?

పాలు, వెన్న, నెయ్యి, గుడ్డు, తేనె - వీటిలో ఏ ఒక్కటీ చేరకుండా ఇంటిలోనే చేసుకొనదగిన ఓట్సు బిస్కెట్లను గురించి ఈ వ్యాసంలో వివరిస్తాను. జంతు సంబంధమైన ఆహారమేదీ ముట్టని వారిని నేడు 'వీగన్లు' అని పిలుస్తున్నారు. మేము వీగన్లము కాము. మా ఇంట పెరుగన్నం లేనిదే భోజనం ముగియదు. అయినప్పటికీ ఈ బిస్కెట్లు నేర్చుకొనవలసిన అవసరం మా మనవడి మూలంగా కలిగింది.

మాది ఆగిరిపల్లి. విజయవాడ నుండి నూజివీడు పోయే దారిలో, శోభనాచలస్వామి కొండను ఆనుకొని ఉన్న ఊరు. మామిడిపండ్ల కాలంలో మా అమ్మాయి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని వస్తుంది. వాడికి పాలు పడవని పసితనంలోనే వైద్యులు పరీక్షించి చెప్పినారు. ఒక వేసవిలో పొరుగింటి వారు ప్రేమతో వాడి చేతిలో ఒక బిస్కెట్టు పెట్టినారు. పొట్లం మీద పచ్చచుక్క కనిపించింది. "శాకాహారమే కదా, తిననా నాయనా" అన్నది నేనే. పావుగంట గడిచేసరికి పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, వాంతి అయింది. ఆసుపత్రికి తీసుకొని పోయినాము. ఆ సాయంకాలానికి తగ్గింది కాని, మా అమ్మాయి నన్ను ఒక్క మాట కూడా అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ పచ్చచుక్కను గురించి ముందుగా చెప్పవలెను. అది మాంసము, చేప, గుడ్డు లేవని మాత్రమే తెలుపుతుంది. పాలు లేవని తెలుపదు. మన దేశంలో పాలు శాకాహారమే. కనుక పొట్లం వెనుక సన్నని అక్షరాలలో ఉండే పదార్థాల పట్టికను చదవవలెను. పాలపొడి, పాల ఘనపదార్థాలు, వే పొడి, కేసీన్, వెన్న, నెయ్యి - ఈ పేర్లలో ఏది కనిపించినా ఆ బిస్కెట్టు పాలు పడని బిడ్డకు తగదు. పాలు, గుడ్డు, గోధుమ, వేరుశనగ వంటి, ఎలర్జీ కలిగించే పదార్థాలు ఉన్నట్లయితే వాటిని పొట్లం మీద ప్రత్యేకంగా ప్రకటించవలెనని 2020 నాటి లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. వీగన్ ఆహారాలకు 'వి' అక్షరం గల వేరొక ఆకుపచ్చ గుర్తు 2022 నిబంధనలతో వచ్చింది. దానిని, మామూలు పచ్చచుక్కను ఒకటిగా భావించకూడదు.

పాలు పడకపోవడం రెండు విధాలు. మొదటిది పాలలోని చక్కెరను, అనగా లాక్టోజును జీర్ణించుకొనలేకపోవడం. ఇందులో కడుపుబ్బరం, విరేచనాలు ఉంటాయి. ఇట్టివారిలో చాలామందికి పెరుగు, మజ్జిగ, నెయ్యి సరిపడతాయి. రెండవది పాలలోని మాంసకృత్తులకు శరీరం ఎదురు తిరగడం. ఇదే అసలైన ఎలర్జీ. ఇందులో చెంచాడు పాలైనా ప్రమాదమే. నేతిలోనూ ఆ మాంసకృత్తులు లేశమాత్రం మిగిలి ఉండవచ్చును. మా ఊరిలో పెద్దలు "ఆవుపాలు పడకపోతే మేకపాలు పట్టరాదా?" అని సలహా ఇచ్చినారు. ఆవుపాలు, గేదెపాలు, మేకపాలలోని మాంసకృత్తులు ఒకదానినొకటి పోలి ఉంటాయి. ఒకటి పడని వారిలో అత్యధికులకు తక్కినవీ పడవు. ఈ ప్రయోగం ఇంటిలో చేయనే కూడదు. ఊపిరి ఆడకపోవడం, గొంతు బిగియడం, బిడ్డ సొమ్మసిల్లడం జరిగితే పసుపు, మిరియాలు అంటూ కాలయాపన చేయక వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. అప్పుడు ప్రాణం నిలిపేది ఎడ్రినలిన్ సూది మందు మాత్రమే.

ఇక బిస్కెట్ల సంగతి. ఓట్సు పేరు వినగానే "అవి యవలే కదా" అనేవారున్నారు. కావు. యవలు అనగా బార్లీ. ఓట్సు వేరొక ధాన్యం. ప్రాచీన ఆయుర్వేద గ్రంథాలలో దీని ప్రస్తావన లేదు. మన దేశంలో ఉత్తరాదిన దీనిని ఎక్కువగా పశుగ్రాసం కొరకు పండిస్తారు. పాశ్చాత్యులు గుఱ్ఱాలకు దాణాగా పెట్టినారు. ఎడ్లకు ఉలవలు ఉడికించి పెట్టి, ఆ ఉడికిన నీటితో తాము చారు కాచుకొన్న కృష్ణా జిల్లా వారికి ఇందులో వింత ఏమీ తోచదు. ఎండుద్రాక్షకు మాత్రం శాస్త్రంలో గొప్ప స్థానం ఉన్నది. ఫలాలలో ద్రాక్ష ఉత్తమమైనదని వాగ్భటుడు చెప్పినాడు. అలసటను పోగొట్టే పది ద్రవ్యాలను శ్రమహర గణంగా పేర్కొన్న చరకుడు అందులో ద్రాక్షను, ఖర్జూరాన్ని, చెరకును, యవలను చేర్చినాడు. ఎండలో ఆడి వచ్చిన పిల్లవాడికి బెల్లము, ద్రాక్ష కలిసిన తినుబండారం ఎందుకు హితవో దీనివలన గ్రహించవచ్చును.

బజారులో దొరికే పచ్చని ఎండుద్రాక్షలో అధిక భాగం మహారాష్ట్రలోని సాంగ్లీ, నాసిక్ ప్రాంతాలనుండి వస్తుంది. త్వరగా ఎండుటకై పండ్లను పొటాషియం కార్బొనేటు, నూనె కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టడం అక్కడి వాడుక. బంగారు రంగులో మెరిసే రకానికి గంధకపు పొగ కూడా పడుతుంది. ఉబ్బసం గలవారికి అది పడకపోవచ్చును. గోరువెచ్చని నీటిలో రెండుమార్లు కడిగి వాడవలెను. నేను గింజలున్న నల్లద్రాక్షను తెచ్చి, గింజలు తీసి, చీల్చి వేస్తాను. ఓపిక లేనివారు గింజలేని కిస్‌మిస్‌ను వాడవచ్చును. నాలుగేళ్లలోపు పిల్లలకైతే సన్నగా తరిగి వేయవలెను. నిండు ద్రాక్ష గొంతులో అడ్డుపడే ప్రమాదమున్నది.

కొందరు పంచదారకు బదులుగా తేనె వేయమంటారు. తేనె వీగన్లకు నిషిద్ధం. అగ్నితో కాచిన తేనె ఆయుర్వేదానికీ నిషిద్ధమే. కనుక పొయ్యి మీదికి పోయే ఏ వంటకంలోనూ దానిని కలుపవద్దు. బెల్లం మేలు. కొత్త బెల్లం కంటె ఏడాది నిలువ ఉన్న పాతబెల్లాన్ని శాస్త్రం మెచ్చింది.

బిస్కెట్టులో వెన్న గుల్లతనాన్ని ఇస్తుంది. గుడ్డు పిండిని పట్టి ఉంచుతుంది. ఈ రెండు పనులకు ప్రత్యామ్నాయం వెదుకుటలోనే నేను రెండు వాయలు పాడుచేసినాను. మొదటిసారి వెన్నకు బదులు వనస్పతి వేయుమని ఒకరు చెప్పినారు. మన దేశంలో నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు నూటికి రెండు పాళ్లు మించరాదన్న నిబంధన 2022 నుండి అమలులోనికి వచ్చినా, పిల్లవాడికి అది పెట్టుటకు నాకు మనసొప్పలేదు. మార్గరిన్ అని అమ్మేవాటిలో కొన్నింటిలో పాలపదార్థాలు కూడా ఉంటాయి. చివరకు ఆవకాయకై పట్టించిన పప్పునూనెను వాడినాను. నువ్వుల వాసన ద్రాక్షతో, శొంఠితో చక్కగా కలిసిపోయింది. నువ్వులు పడని పిల్లలూ ఉంటారు. వారికి పొద్దుతిరుగుడు నూనె వాడవలెను.

గుడ్డుకు బదులు అవిసె గింజలు వాడవలెను. వేయించి పొడిచేసిన అవిసెలు ఒక పెద్ద చెంచాడు తీసుకొని, మూడు పెద్ద చెంచాల నీటిలో కలిపి పది నిమిషాలు ఉంచితే జిగురుగా సాగుతుంది. విదేశాలలో ఇందుకు ఆపిల్ గుజ్జును కూడా వాడతారని మా అమ్మాయి చెప్పింది. ఆగిరిపల్లిలో ఉండి ఆపిల్ కొనడమెందుకని చిన్నరసం పండు పిండి పోసినాను. పిండి పలుచనై బిస్కెట్లు అట్లవలె పరచుకొని పోయినాయి. రసాలు జుర్రుకొనుటకే గాని ఇందుకు పనికిరావు. బంగినపల్లి గుజ్జును సన్నని సెగ మీద సగానికి సగం ఇగిరేవరకు కలియబెట్టి, చల్లార్చి వాడితే బాగున్నది. అప్పుడు బిస్కెట్టు కరకరలాడక మెత్తగా వస్తుంది. పండ్ల కాలం కాని రోజులలో అవిసెలే చాలును.

ఇరవై బిస్కెట్లకు కొలతలు ఇవి. అణచిన ఓట్సు 150 గ్రాములు, గోధుమపిండి 100 గ్రాములు, బెల్లం తురుము 100 గ్రాములు, ఎండుద్రాక్ష 70 గ్రాములు, పప్పునూనె ఐదు పెద్ద చెంచాలు, పైన చెప్పిన అవిసె జిగురు, వంటసోడా పావు చెంచా, చిటికెడు ఉప్పు, శొంఠి పొడి పావు చెంచా, దాల్చినచెక్క పొడి అర చెంచా, నాలుగు ఏలకులు. మసాలా కలిపి అమ్మే ఓట్సు పనికిరావు. ఓట్సును మూకుటిలో కమ్మని వాసన వచ్చేవరకు వేయించి, సగం మిక్సీలో బరకగా ఆడించి, సగం అలాగే ఉంచవలెను. బెల్లాన్ని మూడు, నాలుగు చెంచాల వేడినీటిలో కరిగించి వడకట్టవలెను. వడకట్టకపోతే ఇసుక పంటి కింద పడుతుంది. అది చల్లారిన తరువాత నూనె, అవిసె జిగురు చేర్చి బాగా గిలకొట్టి, ద్రాక్ష మినహా పొడి వస్తువులన్నీ కలిపి, చివరగా ద్రాక్ష వేయవలెను. చపాతీ పిండివలె పిసుకరాదు. పిసికితే బిస్కెట్టు గట్టిపడుతుంది. చేతితో అదిమితే ముద్ద కావలెను. కాకపోతే నీరు చిలకరించవలెను. పావుగంట నాననిచ్చి, నిమ్మకాయంత ఉండలు చేసి, అరచేతితో వత్తవలెను.

ఓవెన్ ఉన్నవారు ముందుగా వేడిచేసి 175 డిగ్రీల వద్ద 13 నుండి 15 నిమిషాలు ఉంచితే చాలును. మా ఇంట ఓవెన్ లేదు. అయినా ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. దిబ్బరొట్టె వేసేటప్పుడు మా అత్తగారు మందపాటి గిన్నెను పొయ్యి మీద పెట్టి, మూత మీద నిప్పులు పోసేవారు. కింద సెగ, పైన సెగ - ఓవెన్ చేసే పని అదే. దళసరి ఇనుప మూకుటిలో అంగుళం మందాన శుభ్రమైన పొడి ఇసుక పోసి, మధ్యలో ఒక చుట్టకుదురు వంటి ఇనుప వలయం పెట్టి, బరువైన మూత మూసి పది నిమిషాలు కాగనివ్వవలెను. నూనె రాసిన పళ్లెంలో బిస్కెట్లను ఎడంగా పేర్చి వలయం మీద ఉంచి, మూత పెట్టి, సన్నని సెగ మీద 20 నుండి 25 నిమిషాలు ఉంచవలెను. అంచులు ఎర్రబడి, నడుమ మెత్తగా ఉండగానే దింపవలెను. గట్టిపడలేదని మరల పెట్టవద్దు. చల్లారిన కొద్దీ అవే గట్టిపడతాయి. ప్రెషర్ కుక్కరులో ఉప్పు పోసి చేసే పద్ధతిని కొందరు చెబుతారు. నీరు లేకుండా అంతసేపు కాగితే కుక్కరు పాడవుతుంది. నేను ఆ పని చేయను.

పాలు పడని బిడ్డ కొరకు చేసేటప్పుడు గిన్నె, గరిటె, పళ్లెం ముందుగా సబ్బుతో తోమవలెను. నేతి చెంచాను నూనె సీసాలో ముంచినట్లయితే పడిన శ్రమ అంతా వృథా.

ఇక్కడ రెండవ సంగతి చెప్పక తప్పదు. మావారికి పన్నెండేళ్లుగా మధుమేహం ఉన్నది. "ఓట్సు, బెల్లం, ద్రాక్ష! వెన్న లేదు, పంచదార లేదు. ప్రమేహానికి యవలు పథ్యమని చరకుడే అన్నాడు" అని ఆయన సాయంకాలం టీతో నాలుగు తిన్నారు. రెండు గంటల తరువాత గ్లూకోమీటరులో 268 చూపినది. ఆయన చెప్పినదానిలో సగం నిజం. చరకుడు ప్రమేహ చికిత్సలో యవలకు పెద్దపీట వేసినాడు. కాని ఓట్సు యవలు కావని పైన చెప్పినాను. పైగా ఆ చరకుడే ప్రమేహానికి కారణాలు చెబుతూ పాలు, పెరుగు, కొత్త ధాన్యాలతో పాటు బెల్లపు వంటకాలనూ లెక్కించినాడు. మావారు ఆ పుట తిప్పలేదు.

కాగితం తీసుకొని లెక్క వేసినాను. ఒక్కొక్క బిస్కెట్టులో సుమారు 16 గ్రాముల పిండిపదార్థం, 100 కాలరీలు ఉన్నాయి. రెండు తింటే 100 గ్రాముల అన్నం తిన్నట్లే. ఓట్సులో కొలెస్ట్రాలును తగ్గించే బీటా గ్లూకాన్ అనే పీచు ఉన్నమాట నిజం. రోజుకు 3 గ్రాములు అందితే మేలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో అంగీకరించింది. మన బిస్కెట్టు ఒక్కొక్కదానిలో అది 0.3 గ్రాములకు మించదు. 3 గ్రాములు పొందవలెనంటే పది బిస్కెట్లు తినవలెను. దానితోపాటు వేయి కాలరీలు, బెల్లపు, ద్రాక్షల తీపి లోపలికి పోతుంది. అదే ఓట్సు 40 గ్రాములు తీసుకొని, కూరముక్కలు వేసి ఉప్పుజావగా కాచుకొంటే ఒక్క గిన్నెలోనే గ్రామున్నర పీచు దక్కుతుంది. మావారికి ఇప్పుడు ఆ జావే. బిస్కెట్టు కావలెనన్న రోజున ఒకటి, అదీ భోజనంలో అన్నం తగ్గించి, ఇస్తున్నాను. బెల్లం వేయక చేసి చూసినాను. అది ఆయనా తినలేదు, మనవడూ తినలేదు.

గోధుమ పడని సీలియాక్ రోగులకు ఈ బిస్కెట్టు పనికిరాదు. గోధుమపిండి మాని బియ్యప్పిండి వేసినా, బజారు ఓట్సులో గోధుమ కలిసి ఉండే అవకాశమున్నది గనుక వారు ప్రత్యేకంగా శుద్ధిచేసినవి తప్ప వాడరాదు.

పూర్తిగా చల్లారిన తరువాత గాలి చొరని డబ్బాలో పోస్తే వారం రోజులు నిలుస్తాయి. మామిడి గుజ్జు కలిపినవి మూడు రోజులకంటె ఉంచవద్దు. తొలకరి పడిన తరువాత ఇంకా తొందరగా మెత్తబడతాయి. మెత్తబడిన వాటిని మరల మూకుటిలో ఐదు నిమిషాలు ఉంచితే సరి. మనవడి డబ్బా మీద వాడి పేరు రాసిన కాగితం అతికించి పై అరలో పెట్టినాను. ఈ సంవత్సరం మా ఇంట పోసిన మామిడితాండ్రను శనగగింజంత ముక్కలుగా కోసి, ద్రాక్షలో సగం తగ్గించి ఆ ముక్కలు కలిపినాను. తాండ్ర సెగకు కొంచెం కరిగి అంచులలో పాకంవలె పట్టింది. పళ్లెం నుండి తీసేటప్పుడు విరగకుండా ఉండుటకు అడుగున అరటాకు ముక్క వేయవలెను.