మన కంచంలోని అన్నం ఎక్కడిది?

ఒక ఆదివారం మన పాఠశాలలో రెండవ స్థాయి పిల్లలను "అన్నం ఎక్కడి నుంచి వస్తుంది?" అని అడిగాము. "కుక్కర్ నుంచి" అని ఒకరు, "ఇండియన్ స్టోర్ నుంచి" అని ఇంకొకరు. వెనక వరుసలో కూర్చున్న బాబు మాత్రం "గరాజ్ నుంచి" అన్నాడు. అందరం నవ్వాము. ఆలోచిస్తే వాడు చెప్పింది తప్పు కాదు, వాళ్ళింట్లో 20 పౌండ్ల బస్తాలు ఉండేది అక్కడే! గరాజ్‌కు ముందు సంగతి అడిగితే తల్లిదండ్రులలో కూడా కొందరు తడుముకున్నారు. అందుకే ఈ పాఠం.

ముందుగా మాటలు నేర్చుకుందాం. ఇంగ్లీషులో అన్నిటికీ రైస్ అంటే సరిపోతుంది. మనకు అలా కుదరదు. పొలంలో నిలబడి ఉన్నది వరి. కోసి నూర్చితే వచ్చేది ధాన్యం, దాన్నే వడ్లు అని కూడా అంటాం. మిల్లులో ఆడిస్తే బియ్యం, ఉడికితే అన్నం. మిల్లులో పైపొట్టు ఊకగా పోతుంది, దాని కింద పలుచని పొర తవుడుగా పోతుంది, విరిగిన గింజలు నూకలవుతాయి. 100 కిలోల ధాన్యం ఆడిస్తే చేతికి వచ్చే బియ్యం సుమారు 67 కిలోలే. ఇంట్లో నూకలతో ఏమేమి వండేవారో మీ అమ్మమ్మగారినో నానమ్మగారినో అడగండి, ఒక పేజీ నిండుతుంది.

ఇప్పుడు బస్తా మీద పేరు చూడండి. సోనా మసూరి. ఇందులో 'మసూరి' మన ఊరి మాట కాదు. అది 1965లో మలేషియాలో విడుదలైన వరి రకం. తైవాన్ వరిని మలయా వరితో కలిపి దాన్ని తయారు చేశారు. మన శాస్త్రవేత్తలు దాన్ని తెచ్చుకుని మన రకాలతో సంకరం చేశారు. అప్పటి గుంటూరు జిల్లాలోని బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన బి.పి.టి. 5204 అలా పుట్టినదే. దాని అసలు పేరు సాంబ మసూరి. రైతులు బి.పి.టి. అంటారు, బజారులో కర్నూలు సోనా అని కూడా అమ్ముతారు. సన్నగింజ, రుచి బాగుంటుంది, కానీ తెగుళ్ళు త్వరగా పట్టుకుంటాయి. అందుకని హైదరాబాదు శాస్త్రవేత్తలు ఎండాకు తెగులును తట్టుకునే సాంబ మసూరిని తయారు చేసి 2008లో విడుదల చేశారు. బస్తా మీద సోనా మసూరి అని ఉన్నంత మాత్రాన లోపల ఆ రకమే ఉందని అనుకోనక్కరలేదు, సన్నబియ్యానికి వ్యాపారులు పెట్టుకున్న పేరు అది.

పంట చేతికి రావడానికి దాదాపు 5 నెలలు. నారుమడి పోసి, నెల తిరగకుండా నారు తీసి, దమ్ము చేసిన చేలో ఊడ్పులు ఊడుస్తారు. వంగి, వెనక్కి నడుస్తూ ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. కోతలకు మాత్రం ఇప్పుడు చాలా ఊళ్ళలో మిషన్లే. వారం రోజుల పని ఒక్క పూటలో అయిపోతుంది. కుప్ప నూర్పిళ్ళ గురించి మీ నాన్నగారు చెప్పే కబుర్లు ఇప్పుడు ఊళ్ళో పిల్లలకూ కబుర్లే!

మనం ఉండే కాలిఫోర్నియాలో కూడా వరి పండుతుందని చాలామంది పిల్లలకు తెలియదు. శాక్రమెంటో లోయలో దాదాపు 5 లక్షల ఎకరాలు. అక్కడ నారూ లేదు, ఊడ్పులూ లేవు. లేజరుతో చదును చేసిన మడులలో నాలుగైదు అంగుళాల నీరు నిలిపి, నానబెట్టిన విత్తనాన్ని విమానంలోంచి చల్లుతారు. నానిన గింజ బరువెక్కి నీటి అడుగుకు చేరుతుంది. ఎకరానికి 8,000 పౌండ్లకు పైగా ధాన్యం వస్తుంది. లెక్క కట్టండి పిల్లలూ, 75 కిలోల బస్తాలు ఎన్ని? 48 దాటుతాయి. మన డెల్టాలో సార్వాకు 30 దాటితే రైతుకు సంతోషమే. అయితే మనవాళ్ళు దాళ్వా కూడా పండిస్తారు, ఇక్కడ ఏడాదికి ఒక్కటే పంట. పైగా ఇక్కడివి ఎక్కువగా ముద్దగా అయ్యే మధ్యరకం గింజలు. పప్పు, ఆవకాయ కలుపుకోవడానికి మనకు పొడిపొడిగా కావాలి. అందుకే సముద్రం దాటి వచ్చిన పాత బియ్యం కోసం వెతుక్కుంటాం.

ఆ వెతుకులాట 2023 జూలైలో అందరం చూశాము. భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపగానే దుకాణాల ముందు బారులు తీరాము, కొన్నిచోట్ల ఇంటికి ఒక్క బస్తా అన్నారు. 2024 సెప్టెంబరులో ఆ నిషేధం తీసేశారు. ఆ రోజుల్లో బస్తా ధర ఎంతయిందో అందరికీ గుర్తుంది. ఆ ధరలో రైతుకు ఎంత చేరిందని మనలో ఎవరమూ అడగలేదు, మాతో సహా.

ఈ పాఠం చెప్పిన రోజు ఒక తండ్రిగారు తరగతి అయ్యాక ఆగారు. "మాకూ గోదావరి కాలువ కింద నాలుగెకరాలు ఉంది. కౌలుకు ఇచ్చాం. ఎవరు చేస్తున్నారో నాకు పేరు కూడా తెలియదండీ" అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన చట్టం కింద కౌలురైతుకు సాగుదారు హక్కుల కార్డు రావాలంటే పొలం యజమాని ఒప్పందం మీద సంతకం పెట్టవలసి వచ్చింది. పంట రుణానికి, బీమాకు ఆ కార్డే ఆధారం. పొలం చేజారిపోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు సంతకం పెట్టలేదు. ఆ యజమానులలో అమెరికాలో ఉన్నవాళ్ళమూ ఉన్నాము.

మరుసటి వారం ఆయన వచ్చి, కౌలురైతు పేరు, ఆయన వేసిన రకం పేరు బోర్డు మీద రాశారు. పిల్లలు నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నారు. సంతకం సంగతి మేము అడిగాము. నాన్నగారు పెట్టలేదట. డిసెంబరులో ఊరు వెళ్తున్నాను, ముగ్గురం కూర్చుని మాట్లాడుకుంటాం అన్నారు.

ఈ సెలవుల్లో ఊరు వెళ్ళే పిల్లలకు ఇంటిపని: మీవాళ్ళ పొలం ఉంటే ఎవరు చేస్తున్నారు, ఏ రకం వేశారు, ఎన్ని బస్తాలయింది, బస్తా ఎంతకు అమ్మారు? తెలుగులో రాసుకుని రండి. పొలం లేనివాళ్ళు ఊళ్ళో రైస్ మిల్లుకు వెళ్ళి, ఊక, తవుడు, నూకలు తలా గుప్పెడు కవర్లలో వేయించుకుని ఫొటో తీసుకుని రండి.