ఓడిపోతున్న జట్టు ఎవరిని వదులుకోవాలి?
(బేస్‌బాల్ చెప్పే సంభావ్యత పాఠం)

అమెరికాలోని పెద్ద బేస్‌బాల్ లీగులలో 30 జట్లున్నాయి. ఒక్కొక్క జట్టు ఏడాదికి 162 ఆటలు ఆడాలి. జూలై నెలాఖరుకు వంద ఆటలకు పైగా పూర్తవుతాయి. ఆటగాళ్ళను మార్పిడి చేసుకోవటానికి గడువు కూడా ఆ రోజుల్లోనే ముగుస్తుంది. అప్పుడు అట్టడుగున ఉన్న జట్టు ముందు ఒక చిక్కు సమస్య నిలుస్తుంది. ఈ ఏడు ఎలాగూ గెలవలేము. మన ఆటగాళ్ళలో కొందరిని గెలిచే జట్లకిచ్చి, వాళ్ళ దగ్గర శిక్షణలో ఉన్న కుర్రవాళ్ళను తెచ్చుకుందామా? అలాగయితే ఎవరిని ఇవ్వాలి?

క్రికెట్ తెలిసిన మీకు ఈ ఆట బోధపడటం కష్టం కాదు. బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. బ్యాట్స్‌మన్ బంతిని కొట్టి, నాలుగు మూలలలోని బేస్‌లను చుట్టివస్తే ఒక పరుగు. ముగ్గురు అవుటయితే ఆ జట్టు వంతు ముగుస్తుంది. ఇలాంటి వంతులు ఒక్కొక్క జట్టుకు తొమ్మిది.

జట్టు నిజంగా బలహీనమేనా?

అమ్మకానికి ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. దీనికి బిల్ జేమ్స్ అనే అమెరికన్ రచయిత ఒక సూత్రం చెప్పాడు. జట్టు చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఎదుటివారికిచ్చిన పరుగుల వర్గం, ఈ రెండింటి మొత్తంతో భాగించాలి. గెలవవలసిన ఆటల నిష్పత్తి సుమారుగా వస్తుంది. వర్గాల మొత్తం ఉన్నది కనుక దీనికి పైథాగరస్ పేరు పెట్టారు.

రెండు ఊహాజట్లను తీసుకుందాం. రెండూ 100 ఆటల్లో 42 గెలిచాయి. మొదటి జట్టు 450 పరుగులు చేసి 450 ఇచ్చింది. సూత్రం ప్రకారం అది 50 గెలవాలి. అంటే దానికి దురదృష్టం తోడయింది, తొందరపడి అమ్మనక్కరలేదు. రెండవది 400 చేసి 500 ఇచ్చింది. 1,60,000ను 4,10,000తో భాగిస్తే 0.39. అనగా అది 39 మాత్రమే గెలవవలసిన జట్టు. దాని బలహీనత నిజమైనదే. గెలుపుల సంఖ్య ఒకటే, జబ్బులు మాత్రం వేరు!

నాణెంతో ఒక ప్రయోగం

మీ తరగతిలో 40 మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరు నాణెం 20 సార్లు ఎగరవేయండి. సగటున 10 బొమ్మలు పడాలి. కాని ఇద్దరు ముగ్గురికి 14 లేక అంతకంటె ఎక్కువ పడితే ఆశ్చర్యపోకండి. వారు బొమ్మలు వేయటంలో నేర్పరులా? వారిచేతనే మళ్ళీ 20 సార్లు వేయించండి. ఈసారి చాలావరకు 10కి దగ్గరగానే వస్తాయి.

బ్యాటింగులోనూ ఇంతే. నిజసామర్థ్యం 0.270 ఉన్న ఆటగాడు 300 ప్రయత్నాలలో సగటున 81 హిట్లు కొట్టాలి. కేవలం యాదృచ్ఛికంగానే అది 73 నుంచి 89 వరకు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కొక్కసారి ఈ హద్దులు కూడా దాటుతుంది. కనుక 90 కొట్టినవాడు నిజంగా 0.300 వాడా, లేక అదృష్టం కలిసివచ్చిన 0.270 వాడా అన్నది సగం ఏడాదితో తేలదు. మునుపటి మూడు నాలుగేళ్ళ లెక్కలు కూడా చూడాలి.

పొడగరులైన తల్లిదండ్రుల పిల్లలు పొడగరులే అయినా, సగటున వారంత పొడవుండరని ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో చూపాడు. ఇలా సగటు వైపు మరలటాన్ని ప్రతిగమనం అంటారు.

ఇవ్వదగినవారెవరు?

1. ఒప్పందం ఆ ఏడే ముగిసేవాడు. అతడు ఎలాగూ వెళ్ళిపోవచ్చు. 2016 జూలైలో న్యూయార్క్ యాంకీస్ తమ పిచ్చర్ అరోల్డిస్ చాప్‌మన్‌ను చికాగో కబ్స్‌కు ఇచ్చింది. బదులుగా వచ్చినవారిలో 19 ఏళ్ళ గ్లేబర్ టోరెస్ ఒకడు. కబ్స్ 108 ఏళ్ళ తరువాత ప్రపంచ సీరీస్ గెలిచింది. ఆ డిసెంబరులోనే చాప్‌మన్ తిరిగి యాంకీస్‌లో చేరాడు!

2. ముప్ఫై దాటినా బాగా ఆడుతున్నవాడు. ఆటగాళ్ళ శక్తి సాధారణంగా 26–29 ఏళ్ళ మధ్య పరాకాష్ఠకు చేరుతుంది. జట్టు కోలుకునేసరికి అతడు తగ్గిపోవచ్చు.

3. తన పాత సగటుకంటె ఈ సగం ఏడాదిలోనే ఎంతో మించినవాడు. వచ్చే ఏడు ప్రతిగమనం రావచ్చు. ధర ఇప్పుడే ఎక్కువ.

ఇక ఇవ్వకూడనివారు: ఇంకా కొన్నేళ్ళ ఒప్పందం మిగిలిన కుర్రవాళ్ళు, పాత లెక్కలు బాగుండి, గాయం లేకుండానే ఈ సగం ఏడాది మాత్రం తడబడినవారు. అలాంటివాణ్ణి ఇవ్వటమంటే ధర పడిపోయినప్పుడు పంట అమ్ముకోవటమే.

ఆటగాడు సరుకు కాదని కూడా గుర్తుంచుకోవాలి. కబురు వచ్చిన ఒకటి రెండు రోజుల్లో ఊరు మారాలి. అందుకే పదేళ్ళు ఆడి, చివరి అయిదేళ్ళు ఒకే జట్టులో ఉన్నవాడికి మార్పిడిని కాదనే హక్కు ఉన్నది.

1987 కథ

ఆ ఏడు అట్లాంటా బ్రేవ్స్ చాలా బలహీనం. చివరకు 69 గెలిచి 92 ఓడింది. ఆగస్టు 12న తన పిచ్చర్ డోయల్ అలెగ్జాండర్‌ను డెట్రాయిట్ టైగర్స్‌కు ఇచ్చింది. అతడికి 36 ఏళ్ళు. బదులుగా వచ్చినవాడు 20 ఏళ్ళ జాన్ స్మోల్ట్జ్. అప్పటికి చిన్న లీగులో 4 గెలిచి 10 ఓడిన కుర్రవాడు!

అలెగ్జాండర్ డెట్రాయిట్‌కు 9 గెలిచి ఒక్కటీ ఓడలేదు. ఆ జట్టు రెండు ఆటల తేడాతో తన విభాగంలో మొదట నిలిచింది. కాని తరువాతి సీరీస్‌లో మిన్నెసోటా చేతిలో ఓడింది. 1989లో అలెగ్జాండర్ 6 గెలిచి 18 ఓడాడు; అదే అతడి చివరి ఏడు. స్మోల్ట్జ్ మాత్రం అట్లాంటాలో 20 ఏళ్ళు ఆడాడు. 1995లో ఆ జట్టు ప్రపంచ సీరీస్ గెలిచింది. 1996లో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ బహుమతి అతడికి వచ్చింది. మొత్తం 213 విజయాలు సాధించాడు.

అయితే జాగ్రత్త! ప్రతి కుర్రవాడూ స్మోల్ట్జ్ కాడు. ఒక్క కథ సూత్రానికి రుజువు కాదు. అది కూడా నాణెం ఒక్కసారి ఎగరవేయటం వంటిదే. డెట్రాయిట్‌కు ఆ ఏడు కావలసినది దొరికింది కూడా. ఒక త్రైమాసిక పరీక్షలో వచ్చిన మార్కులతో తోటివాణ్ణి తెలివైనవాడనో మందమతి అనో ముద్రవేసే ముందు ఈ లెక్కలు ఒక్కసారి తలచుకోండి.

ఆలోచించండి

1. ఒక జట్టు 100 ఆటల్లో 500 పరుగులు చేసి 400 ఇచ్చింది. అది ఎన్ని గెలవాలి?
2. నాణేలను 20కి బదులు 200 సార్లు ఎగరవేస్తే, నూటికి 70 బొమ్మలు పడే అవకాశం పెరుగుతుందా, తగ్గుతుందా? ఎందుకు?